ఎరుపా, నలుపా?

ఇంగ్లండ్ ఈశాన్యంలో కొత్తగా పనిలో చేరినవాణ్ణి "ఏ దేశం నీది?" అని తర్వాత అడుగుతారు. ముందు అడిగేది "ఎరుపా, నలుపా?" అని. ఎరుపు తెలుపు చారలు సండర్లాండ్ జట్టువి, నలుపు తెలుపు చారలు న్యూకాజిల్‌వి. మా ఫ్యాక్టరీ ఉన్న వాషింగ్టన్ ఈ రెండు ఊళ్ళ మధ్య ఇరుక్కుని ఉంటుంది. (అమెరికాలోది కాదు. అయితే జార్జి వాషింగ్టన్ పూర్వీకుల ఇంటిపేరు ఈ ఊరి నుంచే పోయింది. "వాషింగ్టన్‌లో జాబ్ వచ్చింది" అని ఫోన్లో చెబితే మా చిన్నమ్మ వాడకట్టంతా చాటింపు వేసింది. ఇప్పటికీ సవరించుకోలేదు.)

మేం చేసేవి కార్ల సీట్లు. ఫోమ్ మీద కవరు తొడగాలి, వెనక క్లిప్పులు బిగించాలి, ముడతలు పోయేదాకా ఆవిరి గన్ను పట్టాలి. అంతలో ఇంకో సీటు వచ్చి ముందు నిలబడుతుంది. ఎంఎస్సీ చదివి ఈ పనేంటని మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత వేళ్ళ నొప్పి ముందు ఆ ఏడుపు చిన్నదైపోయింది. ఉద్యోగం ఏజెన్సీ ద్వారా దొరికింది. సాయంత్రం ఫోనుకి మెసేజ్ వస్తే మర్నాడు షిఫ్టు ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

లైను మీద ఫోన్లు తీయకూడదు. మిషన్ల మోతలో మాట వినపడదు. అందుకని మాటలన్నీ దాచిపెట్టుకుని టీ బ్రేక్‌లో ఒక్కసారిగా వదులుతారు. ఆ పావుగంట మొత్తం ఫుట్‌బాలే. ఈ ఆదివారం ఎవరు గెలిచారన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మిగతా టైమంతా పాత ఆటగాళ్ళు. అందులోనూ పెద్ద పేరున్నవాళ్ళు కాదు, వీళ్ళ సొంతవాళ్ళు. మా ఫోర్క్‌లిఫ్ట్ పెద్దాయన సండర్లాండ్ మనిషి. ఆయన నోట ఏ చర్చ అయినా చివరికి నియల్ క్విన్ దగ్గరికి రావాల్సిందే.

క్విన్ ఐర్లాండ్ వాడు, ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. 1996లో సండర్లాండ్ వచ్చాడు. అతని పక్కన ఆడిన కెవిన్ ఫిలిప్స్ 1999-2000 సీజన్లో 30 గోల్స్ కొట్టి, యూరప్ మొత్తమ్మీద ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ షూ తెచ్చుకున్నాడు. లెక్క ప్రకారం ఫిలిప్సే పెద్ద. కానీ పెద్దాయన లెక్క వేరు. 1999 జనవరిలో బ్రాడ్‌ఫర్డ్ మీద ఆటలో క్విన్ గోల్ కొట్టాడు, తర్వాత గోల్‌కీపర్‌కి దెబ్బ తగిలితే తనే గ్లవ్స్ తొడుక్కుని గోల్‌లో నిలబడ్డాడు, ఆట 1-0తో గెలిపించాడు. 2002లో తన గౌరవార్థం జరిగిన మ్యాచ్ డబ్బంతా పిల్లల ఆసుపత్రులకి ఇచ్చేశాడు. దాదాపు పది లక్షల పౌండ్లు. 2007లో, అప్పటికి క్లబ్ ఛైర్మన్, కార్డిఫ్‌లో మ్యాచ్ చూసి వస్తుంటే బ్రిస్టల్ ఎయిర్‌పోర్టులో అభిమానుల్ని విమానం దించేశారు. క్విన్ అక్కడే ఉండి టాక్సీలు మాట్లాడి, తన జేబులోంచి వేల పౌండ్లు కట్టి అందర్నీ ఇళ్ళకి పంపాడు. బ్రిస్టల్ నుంచి సండర్లాండ్‌కి టాక్సీ అంటే హైదరాబాద్ నుంచి తిరుపతికి పోయినంత పని. పెద్దాయన ఈ కథ చెప్పినప్పుడల్లా టాక్సీల సంఖ్య పెరుగుతుంది. నేను ఆపను.

న్యూకాజిల్ వాళ్ళు మా లైన్లో తక్కువమంది. వాళ్ళలో మా లైన్ లీడర్ ఒకడు. వాడి దగ్గర ఎప్పుడూ ఒక సూది ఉంటుంది. సండర్లాండ్ వాళ్ళు దేవుడిలా చూసుకునే బాబ్ స్టోకో, 1973లో ఎఫ్.ఏ. కప్ (ఇంగ్లండ్ క్లబ్బులన్నీ పోటీపడే కప్పు) తెచ్చిపెట్టిన మేనేజర్, అసలు న్యూకాజిల్ ఆటగాడే. 1955లో వాళ్ళ తరఫున అదే కప్పు గెలిచాడు. "మా దగ్గర నేర్చుకుని మీకు పెట్టాడు" అంటాడు లీడర్. అక్కడితో గొడవ మొదలు.

1973 గురించి ఇక్కడ పుట్టనివాళ్ళకి కూడా పాఠం చెప్పినట్టు చెబుతారు. సండర్లాండ్ అప్పుడు రెండో డివిజన్‌లో ఉంది. ఫైనల్లో ఎదురుగా అంతకుముందు ఏడాది కప్పు గెలిచిన లీడ్స్. సండర్లాండ్ వాడు ఇయాన్ పోర్టర్‌ఫీల్డ్ గోల్ కొట్టాడు. రెండో సగంలో లీడ్స్ వాడు చెర్రీ తలతో కొట్టిన బంతిని సండర్లాండ్ గోల్‌కీపర్ జిమ్ మాంట్‌గొమరీ ఆపాడు. అది పోయి లీడ్స్ ఆటగాడు లోరిమర్ కాళ్ళ ముందు పడింది. ఇక గోలే అని అందరూ అనుకున్నారు. కింద పడ్డ మాంట్‌గొమరీ లేచీ లేవకుండానే ఆ షాట్‌నీ బార్ మీదికి మళ్ళించాడు. 1-0. విజిల్ పడగానే స్టోకో టోపీ పెట్టుకుని మైదానంలోకి పరిగెత్తి నేరుగా మాంట్‌గొమరీనే వాటేసుకున్నాడు. ఆ పరుగుకే స్టేడియం బయట విగ్రహం ఉంది. మాంట్‌గొమరీ ఈ ఊరివాడే. 627 ఆటలు ఆడాడు, క్లబ్ రికార్డు అది.

స్టేడియం అంటే గుర్తొచ్చింది. నేను ఎరుపు అయిపోవడానికి అసలు కారణం క్విన్ కాదు, ఆ స్టేడియమే.

మాది గోదావరిఖని. నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. మా ఇంట్లో మైన్ అనరు, గని అనరు, బాయి అంటరు. "నాన్న బాయికి పోయిండు" అనే మాటతోనే నా చిన్నతనం గడిచింది. ఒక ఆదివారం సండర్లాండ్ స్టేడియం చూద్దామని వెళ్తే ముందు ఒక పెద్ద దీపం బొమ్మ కనపడింది. మనిషికంటే ఎత్తు. నాన్నకి వీడియో కాల్ చేసి చూపించా. కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు.

"అరె, ఇది సేఫ్టీ ల్యాంప్ కదరా. మా ఓవర్‌మెన్ చేతిల ఉండేది. గ్యాస్ ఉన్నదా లేదా సూస్తందుకు. గక్కడికెట్లొచ్చింది?"

చెప్పాను. ఆ స్టేడియం కట్టిన చోటు మంక్‌వేర్‌మౌత్ కాలరీ. డర్హం బొగ్గు గనుల్లో చివరిది, 1993 డిసెంబర్లో మూసేశారు. 1997లో అదే నేల మీద స్టేడియం తెరిచారు. చీకట్లోంచి పైకొచ్చే కార్మికుల్ని తలుచుకుని దానికి స్టేడియం ఆఫ్ లైట్ అని పేరు పెట్టారు.

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది స్టేడియం గురించి కాదు. "మరి బాయిల పనిజేసినోళ్ళు ఏమైన్రు బిడ్డా?"

ఆ ప్రశ్న నేను పెద్దాయన్ని అడిగా. ఆయన తండ్రి ఆ బాయిలోనే పనిచేశాడట. బాయి మూయకముందే, 1988లో, వేర్ నది మీద ఓడలు కట్టే యార్డులు కూడా ఆగిపోయాయి. కొందరు కార్ల ఫ్యాక్టరీకి వచ్చారు, కొందరు ఇంట్లో కూర్చున్నారు. ఆ ఇంట్లో కూర్చున్నవాళ్ళకి వారానికోసారి బయటికి రావడానికి మిగిలిన కారణం ఫుట్‌బాలే. ఇది విన్నాక వాళ్ళ హీరోల జాబితా నాకు కొంచెం అర్థమైంది. వీళ్ళకి ఆటగాడిలో నైపుణ్యం కంటే ముందు కావాల్సింది షిఫ్టు పూర్తిగా చేశాడా లేదా. అందుకే టాకిల్ చేస్తే మనిషీ బంతీ కలిసి ఎగిరే కెవిన్ బాల్ ఇక్కడ హీరో. బోలెడు డబ్బుకి వచ్చి, నడుస్తూ ఆడి, వెళ్ళిపోయినవాళ్ళ పేర్లెత్తితే క్యాంటీన్లో కప్పులు గట్టిగా పెడతారు.

న్యూకాజిల్ వాళ్ళ మీద గోల్ కొట్టినవాడికి మాత్రం వేరే ఖాతా. గ్యారీ రోవెల్, సీహమ్ అనే బొగ్గు ఊరివాడు, 1979 ఫిబ్రవరి 24న న్యూకాజిల్ సొంత మైదానంలోనే మూడు గోల్స్ కొట్టాడు. ఆట 4-1. పెద్దాయన అప్పటికి కుర్రాడు. ఆ రోజు ఏ చొక్కా వేసుకున్నాడో కూడా చెబుతాడు, పెళ్ళిరోజు మాత్రం భార్య గుర్తు చేయాలి. ఇక 1999 ఆగస్టు 25 రాత్రి కుండపోత వానలో జరిగిన ఆట. న్యూకాజిల్ మేనేజర్ రూడ్ గలిట్ వాళ్ళ ఊరి దేవుడు అలన్ షియరర్‌ని బెంచి మీద కూర్చోబెట్టాడు. క్విన్ ఒకటి, ఫిలిప్స్ ఒకటి, 2-1. మూడో రోజున గలిట్ రాజీనామా. ఈ ఫిలిప్సే కుర్రతనంలో సౌతాంప్టన్‌లో షియరర్ బూట్లు తుడిచినవాడు. ఈ ముక్క వచ్చినప్పుడు మా లైన్ లీడర్ లేచి టీ పోసుకోవడానికి పోతాడు.

నవ్వుకోవడానికి జి డాంగ్-వన్ ఉన్నాడు. కొరియా కుర్రాడు. 2012 జనవరి 1న, టేబుల్లో అందరికంటే పైనున్న మాంచెస్టర్ సిటీ మీద, ఆట ఇక అయిపోతుందనగా గోల్ కొట్టాడు. జనంలోకి దూకితే ఒక అభిమాని పట్టుకుని మూతి మీద ముద్దు పెట్టేశాడు. ఫొటో ప్రపంచమంతా తిరిగింది. సండర్లాండ్‌కి జి కొట్టిన గోల్స్ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అయినా అతను మర్చిపోలేని మనిషి. ఇదొక్కటి నాకు బాగా నచ్చుతుంది. వీళ్ళ దగ్గర చిరంజీవి కావాలంటే ఏళ్ళకేళ్ళు గొప్పగా ఆడక్కర్లేదు, సరైన సాయంత్రం సరైన చోట ఉంటే చాలు.

"మీ దగ్గర ఫుట్‌బాల్ లేదా?" అని ఒకసారి అడిగారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చెప్పా. ఆయన శిక్షణలో ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం. ఆ జట్ల ఫార్వర్డ్ తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ వాడు. విని నోరెళ్ళబెట్టారు. నిజానికి ఇదంతా నేనూ ఈ క్యాంటీన్ పుణ్యాన, మన పరువు కాపాడుకోవడానికి రాత్రి కూర్చుని చదివిందే. ఇంటర్‌లో ఉన్నప్పుడు అడిగితే నాకు సచిన్ తప్ప ఎవరూ తెలియదు.

2024 ఆగస్టు 2, శుక్రవారం. సౌత్‌పోర్ట్‌లో పసిపిల్లల్ని చంపినవాడు బయటి దేశం నుంచి వలస వచ్చినవాడని ఒక అబద్ధం ఫోన్లలో తిరిగి, దేశంలో చాలాచోట్ల అల్లర్లు లేచాయి. సండర్లాండ్‌లో ఆ రాత్రి పోలీసుల మీద రాళ్ళు పడ్డాయి, ఊరి నడిబొడ్డున జనానికి ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ ఆఫీసు తగలబడింది. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో "ఎవ్వరూ బయటికి రావద్దు" అని మెసేజ్ మీద మెసేజ్. వీడియోల్లో కొందరి ఒంటి మీద ఏం చొక్కాలున్నాయా అని నేను ఆపి ఆపి చూశా. ఎందుకో తెలియదు, అదే చూశా. తెల్లారాక చీపుర్లు పట్టుకుని వందలమంది వీధి ఊడవడానికి వచ్చారు. ఆ వీడియోలూ చూశా. సోమవారం షిఫ్టు అయ్యాక పెద్దాయన బస్టాప్ దగ్గర కారాపి "ఎక్కు" అన్నాడు. ఆ వారమంతా ఎక్కించుకున్నాడు. అల్లర్ల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. దారి పొడుగునా హులియో అర్కా గురించి చెప్పాడు.

అర్కా 2000లో అర్జెంటీనా నుంచి వచ్చాడు. పంతొమ్మిదేళ్ళు. మొదటి ఆటలోనే వెస్ట్‌హామ్ మీద గోల్ కొట్టాడు. మరుసటి ఏడాది అర్జెంటీనా కుర్రాళ్ళ జట్టు ప్రపంచ కప్పు గెలిస్తే అందులోనూ ఉన్నాడు. అలాంటివాడు ఇటలీకో స్పెయిన్‌కో పోతాడనుకుంటాం. ఇక్కడే ఉన్నాడు. జట్టు 19 పాయింట్లతో కింది డివిజన్‌కి పడ్డ 2003లోనూ ఉన్నాడు, 15 పాయింట్లతో మళ్ళీ పడ్డ 2006లోనూ ఉన్నాడు. తర్వాత పక్కనే మిడిల్స్‌బ్రోకి ఆడాడు. కాలి వేలి దెబ్బతో 2013లో ఆట మానేశాడు. మానేసినా బ్యూనస్ ఐరిస్ విమానం ఎక్కలేదు. మర్నాటి ఏడు సండర్లాండ్‌లో ఒక పబ్ జట్టులో చేరి, ఆదివారం పొద్దున బురద మైదానాల్లో ఆడాడు! ఆపైన సౌత్ షీల్డ్స్ అనే చిన్న క్లబ్‌కి కెప్టెన్ అయ్యి, 2017లో వెంబ్లీలో, చిన్న క్లబ్బులకి పెట్టే ఎఫ్.ఏ. వేజ్ కప్పు ఎత్తాడు.

నేనిది చెప్పేది అర్కా కథ విని నాకు ధైర్యం వచ్చిందని కాదు. అతను వచ్చింది కాంట్రాక్టు మీద, నేను ఏజెన్సీ మెసేజ్ మీద. గోల్ కొట్టిన పరాయివాణ్ణి నెత్తిన పెట్టుకోవడం ఏ ఊరికైనా తేలికే, సీటు కవరు తొడిగేవాడి సంగతి వేరు. పెద్దాయనతో ఈ మాటే అన్నా. ఆయన సిగ్నల్ దగ్గర ఆగి, "అర్కా గోల్స్ చాలా తక్కువ, మేం చూసింది అది కాదు" అని మాత్రం అన్నాడు. నేను పూర్తిగా ఒప్పుకోలేదు, ఆయనా పట్టుబట్టలేదు.

ఆ పబ్ జట్టు సంగతి మాత్రం క్యాంటీన్లో ఎప్పటికీ తేలదు. పెయింట్ సెక్షన్‌లో ఒకాయన, లోడింగ్‌లో ఇద్దరు, సెక్యూరిటీ కుర్రాడి బావ, వీళ్ళంతా ఆ రోజుల్లో ఆదివారం లీగ్‌లో ఆడినవాళ్ళేనట. అర్కా తమ కాళ్ళ సందులోంచి బంతి తీసుకుపోయాడని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. ఒక్కడు కూడా నేను ఆపాను అనడు. లోడింగ్‌లో ఇద్దరూ అయితే అది ఒకే ఆట అనీ, ముందు పోయింది తన కాళ్ళ సందులోంచే అనీ ఇప్పటికీ కొట్టుకుంటారు. మొన్న బ్రేక్‌లో లైన్ లీడర్, నలుపువాడు, ఎవరూ అడక్కుండానే తనూ ఒకసారి ఆ మైదానానికి వెళ్ళి చూశానని ఒప్పుకున్నాడు.