పెన్షన్లు కొయ్యాలంటున్న మా బావకి

“మేం కట్టే ట్యాక్సులు పట్టుకెళ్లి ఊరికే పంచిపెట్టేస్తున్నారు” అన్న మాట ఈమధ్య ఎక్కడికెళ్లినా వినపడుతోంది. మా ఇంట్లో అయితే మా బావ నోటివెంట. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మనిషి చాలా మంచివాడు, మా అక్క ఊరికి డబ్బులు పంపిస్తానంటే ఏనాడూ కాదనలేదు. కానీ ప్రభుత్వం ముసలివాళ్లకి, వికలాంగులకి నెలనెలా ఇచ్చే పెన్షన్ల మాట ఎత్తితే మాత్రం ఆగడు. మన ఆంధ్ర రాష్ట్రం అప్పుల్లో మునిగిపోతోంది, ముందు ఇవన్నీ సగానికి కొయ్యాలి అంటాడు. మొన్న ఫోన్లో చాలాసేపు వాదించుకున్నాం, చెప్పాల్సినవి ఇంకా చాలా ఉండిపోయాయి, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను విజయనగరంలో జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసులో పనిచేస్తాను. పొద్దున్న లేస్తే బిల్లులే. అందుకే ట్యాక్స్ కట్టేది ఉద్యోగస్తులు మాత్రమే అంటే నాకు ఒళ్లు మండుతుంది. మా ఊళ్లో తాపీ పనికెళ్లే కుర్రాడు 299 రూపాయల రీచార్జ్ వేయించుకుంటే అందులో 45 రూపాయలకి పైనే జీఎస్టీ. రెండు గదుల ఇల్లు కట్టుకుంటే సిమెంటు మీద 18 శాతం, 2025 సెప్టెంబరు 22 ముందైతే 28. సబ్బు, పేస్టు, తలనూనె మీద కూడా ఆ తారీఖు వరకు 18 శాతం కట్టారు, ఇప్పుడు 5 చేశారు. ఇక పెట్రోలు సంగతి చెప్పక్కర్లేదు, రాష్ట్రం వేసే వ్యాట్ 31 శాతం, దానిమీద లీటరుకి 4 రూపాయలు, రోడ్ల పేరుతో ఇంకో రూపాయి. ఇచ్ఛాపురం వాళ్లు బండి తీసుకుని సరిహద్దు దాటి ఒడిశా బంకులో కొట్టించుకునేది ఇందుకే. ఇదంతా కూలి మనిషి జేబులోంచే పోతోంది, కాకపోతే చూపించడానికి అతని దగ్గర ఉద్యోగస్తులకిచ్చే పన్ను కాగితం, ఫారం 16, ఉండదు.

బావ చెప్పని లెక్క ఇంకోటుంది. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు దానివల్ల ఏడాదికి లక్షా 45 వేల కోట్ల రాబడి తగ్గుతుందని కేంద్రమే చెప్పింది. 2025 బడ్జెట్‌లో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేకుండా చేశారు, జీతగాళ్లకైతే 12 లక్షల 75 వేలు, దానికోసం సుమారు లక్ష కోట్లు వదులుకుంటున్నామని ఆర్థికమంత్రి సభలోనే చదివారు. మధ్యతరగతికి ఆ ఊరట అవసరమే, నేను కాదనను. మరి ఆ రోజు ఖజానా ఏమైపోతుందని మన వాట్సాప్ గ్రూపులో ఒక్కరైనా అడిగారా? మా పక్కింటి పెద్దమ్మకి నెలకి పెన్షన్‌గా ఇచ్చే నాలుగు వేల దగ్గరే ఆ బెంగ ఎందుకొస్తోంది?

ఒకటో తారీఖు పొద్దున్న బావ ఒకసారి మా వీధిలో నిలబడి చూడాలి. పెన్షన్ ఇవ్వడానికి గ్రామ సచివాలయం నుంచి పిల్ల వస్తుంది, చేతిలో ఫోను, వేలిముద్ర మిషను. మా పక్కింటి పెద్దమ్మ జీవితమంతా నాట్లు వేసి, కోతలు కోసి, వేళ్ల మీద గీతలే లేకుండా అరిగిపోయాయి. బొటనవేలు పెడుతుంది, పడదు. కొంగుకి తుడుచుకుని చూపుడువేలు పెడుతుంది, అదీ పడదు. “ఏటమ్మా, ఈ నెల రాదేటి నాకు?” అని ఆ పిల్ల మొహంలోకి చూస్తుంది. ఆ చూపు చూశాక ఇది ఉచితం అని నాకు అనబుద్ధి కాదు. ఎలాగో ముద్ర పడ్డాక ఎనిమిది అయిదొందల నోట్లు లెక్కపెట్టుకుని, నేరుగా కిరాణా కొట్టుకెళ్లి పాత బాకీ కడుతుంది, అక్కణ్ణించి బీపీ మాత్రలకి. కొడుకు చెన్నైలో బిల్డింగు పనికెళ్లాడు, పని దొరికిన నెల పంపిస్తాడు, దొరకని నెల పంపించడు. ఈ నాలుగు వేలుంటే ఆవిడ కోడలి ముందు చెయ్యి చాపక్కర్లేదు. ఆ డబ్బంతా మళ్లీ మా ఊరి కొట్లోనే ఖర్చవుతుంది, అందులో కొంత జీఎస్టీగా వెనక్కి వచ్చేస్తుంది కూడా, ఆ రిటర్ను వేసేది మేమే.

పెన్షన్లు తీసుకుని జనం సోమరులైపోతున్నారు, పొలం పనికి మనిషి దొరకట్లేదు అంటాడు బావ. డెబ్బై ఏళ్ల మనిషి ఏ పొలానికి వస్తుంది? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు పాడై వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే వాళ్లకి నెలకి 10 వేలు ఇస్తున్నారు, వాళ్లని ఏ పనిలోకి దింపుతాం? మా జిల్లాల్లో వయసులో ఉన్న మగాళ్లంతా చెన్నైకో హైదరాబాద్‌కో గుజరాత్ రేవులకో వెళ్లిపోయారు, పొలంలో మనిషి లేడంటే కారణం అది.

ఎన్నికల ముందు పోటీపడి పెంచారు అన్నమాట మాత్రం నిజమే. 200 ఉన్నది 2014లో వెయ్యి, 2019లో రెండు వేలు దాటింది, 2024 జనవరికి మూడు వేలు, అదే ఏడాది నాలుగు వేలు అయింది. ఓట్ల కోసమే పెంచారనుకుందాం. ఓటు ఒక్కటే ఉన్న మనిషికి ఆ ఓటు వల్ల నాలుగు మెతుకులు దక్కితే నాకు అందులో తప్పు కనపడదు.

అసలు కోత అంటే జీవో ఇచ్చి కోసేదే అనుకుంటాం. ఎక్కువ కోతలు చప్పుడు లేకుండా జరిగిపోతాయి. వృద్ధాప్య పెన్షన్‌లో 80 ఏళ్ల లోపు వాళ్లకి కేంద్రం ఇచ్చే వాటా నెలకి 200 రూపాయలు, పదిహేనేళ్లు దాటినా పైసా పెరగలేదు. బియ్యం ధర ఎంత పెరిగిందో ఆ 200 అంత తగ్గినట్టే, ఎవరూ ఏదీ ప్రకటించక్కర్లేకుండానే. నెల్లిమర్లలో జూట్ మిల్లులో ఏళ్ల తరబడి పనిచేసి, జీతంలోంచి పీఎఫ్ కోయించుకుని రిటైరైన పెద్దాయన ఒకాయన నాకు తెలుసు. ఈపీఎఫ్ పెన్షన్ కనీసం వెయ్యి అని 2014లో పెట్టారు, అది ఆ వెయ్యి దగ్గరే ఉండిపోయింది. “నేను డబ్బు కట్టి వచ్చేది ఇంత, కట్టని వాళ్లకి నాలుగు వేలా” అని ఆయన బాధపడతాడు, ఆ బాధ న్యాయమైనది, బావ వాదన కంటే చాలా బరువైనది. కానీ ఆయన అడిగేది తనది పెంచమని, పక్కింటి ముసలమ్మది తియ్యమని కాదు.

ఉపాధి హామీ పని కూడా అంతే. 2025 డిసెంబరులో పాత చట్టం తీసేసి కొత్తది తెచ్చారు, 125 రోజులు అని చెప్పారు, వినడానికి బాగుంది, కానీ కూలి డబ్బులు పూర్తిగా కేంద్రం ఇచ్చే పద్ధతి పోయి ఖర్చులో 40 శాతం రాష్ట్రం మీద పడింది. మన రాష్ట్రం దగ్గర డబ్బుల్లేవని బావే అంటున్నాడు కదా, మరి ఆ 40 శాతం కట్టలేకపోతే పని ఎవరికి తగ్గుతుంది?

2025లో వికలాంగుల పెన్షన్లు మళ్లీ తనిఖీ చేశారు. దొంగ సర్టిఫికెట్లు ఏరెయ్యాలి, ఒప్పుకుంటాను. కానీ మా ఊళ్లో చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు సన్నబడిపోయిన మనిషిని ఆటో కట్టించుకుని టౌన్‌లో ఆస్పత్రికి తీసుకెళ్తే, సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టి, డాక్టరు నిమిషం చూశాడు. తర్వాత వైకల్యం శాతం తగ్గిందని నోటీసు వచ్చింది. ఆ కాలు ఒకసారి తాకి చూసినా ఆ నోటీసు రాసేవారు కాదు. రాష్ట్రమంతా గోల అయ్యాక అప్పీలు పెట్టుకోమన్నారు. ఆ మధ్యలో ఆయన ఎన్ని రాత్రులు నిద్రపోలేదో ఏ లెక్కలోనూ రాదు.

అప్పు సంగతి బావ చెప్పింది తీసిపారెయ్యలేను. వడ్డీలకి పోయే డబ్బు పెరిగినకొద్దీ ప్రాజెక్టులకి మిగలదు. మహేంద్రతనయ నది మీద ఆఫ్‌షోర్ రిజర్వాయరుకి 2008లో శంకుస్థాపన చేసినా ఇప్పటికీ పలాస రైతులు ఎదురుచూస్తూనే ఉన్నారు. నీళ్లొస్తే వలస తగ్గుతుంది, పన్ను పెరుగుతుంది, నాకూ తెలుసు. కొయ్యడానికి చోట్లు లేవా మరి? ప్రభుత్వం మారినప్పుడల్లా పథకాలకి పేర్లు, బోర్డులు మార్చడానికి, పేపర్ల నిండా ప్రకటనలకి ఎంత పోతోంది? పంచాయతీ ఆఫీసులకి పార్టీ రంగులు వేసి, కోర్టు చెప్పాక మళ్లీ చెరిపించారు, రెండుసార్లూ మన డబ్బే.

రాబడి పెంచే దారి కూడా మా జిల్లాలోనే ఉంది. భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి చుట్టుపక్కల భూముల రేట్లు ఎలా పెరిగాయో అందరం చూశాం. ఆ రేటు పెంచింది ఆ భూమి యజమాని కాదు, అక్కడికొచ్చిన ఎయిర్‌పోర్టు, రోడ్లు. కానీ మున్సిపాలిటీకి దూరంగా ఉన్న వ్యవసాయ భూమి అయితే అమ్మినా లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. ఎకరం రెండెకరాలున్న రైతుని వదిలెయ్యండి, అతన్ని ముట్టుకోవద్దు. పెద్ద పెద్ద కమతాలు కొని పెట్టుకున్న వాళ్ల మీద పన్ను వెయ్యడానికి ఏం అడ్డమో నాకు చెప్పండి. బావా, ఈ పన్ను వేశాక కూడా డబ్బు చాలకపోతే అప్పుడు నీతో కూర్చుని పెన్షన్ల లెక్క చూస్తాను, అంతవరకు మాత్రం ఆ నాలుగు వేల జోలికి వెళ్లొద్దు.