కప్పును ఆపేది కనిపించని సిమెంటే

2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయినప్పటి నుంచి చుట్టాలు, పొద్దున వాకింగ్‌లో కలిసేవాళ్లు నన్ను ఒకటే అడుగుతున్నారు: "మీరు అన్నేండ్లు బాయిల పని చేసిండ్రు గదా, పైన కప్పు ఎట్ల ఆగుతది?" నేను గోదావరిఖని వైపు బొగ్గుబాయిల్లో మొదట సర్దార్‌గా (పని దగ్గర భద్రత చూసే సూపర్‌వైజర్), తర్వాత అతని పైన ఉండే ఓవర్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. నోటిమాటగా చెప్తే సగంలోనే వేరే ముచ్చట వచ్చేస్తోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. నేల మీది నుంచి బాయి దాకా ఉన్న బరువంతా బోల్టులే, అంటే కప్పులో రంధ్రం వేసి నాటే ఇనుప కడ్డీలే, మోస్తాయని చాలామంది అనుకుంటారు. అది అసలు కుదరని పని. 200 మీటర్ల లోతులో ఒక్కో చదరపు మీటరు మీద ఉండే రాతి బరువు 460 టన్నుల దాకా ఉంటుంది. ఆ బరువు మోసేది మేం తవ్వకుండా వదిలిన బొగ్గు పిల్లర్లు. ఆ లోతులో ఒక్కో పిల్లర్ మధ్య నుంచి మధ్యకు 30 మీటర్లకు పైగానే ఉంటుంది. వాటి మధ్య వీధుల్లాగా గ్యాలరీలు తీస్తాం. గ్యాలరీ మీది మొదటి మీటరు, మీటరున్నర రాయి ఉంటుంది చూడండి, దాన్ని పిల్లర్లు మోయలేవు. అది పొరలు పొరలుగా విడిపోయి కిందికి వేలాడుతుంది. మనిషిని చంపేది ఆ మీటరు రాయే. రూఫ్ బోల్టు పని దానితోనే.

2003 అక్టోబరులో గోదావరిఖని 8ఏ ఇంక్లైన్‌లో కప్పు కూలి పది మంది చనిపోయారు. మా ఊళ్లో ఆ వారం ఏ వాడకు వెళ్లినా ఏడుపే. దాని కారణాల జోలికి నేనిక్కడ పోవడం లేదు. కప్పు అన్న మాట మా ఇళ్లలో ఎంత బరువైనదో చెప్పడానికే గుర్తు చేశాను.

నేను చేరిన కొత్తలో అంతటా దుంగలే. నిలువు ప్రాప్‌లు, అడ్డం క్రాస్‌బార్లు, జంక్షన్ల దగ్గర స్లీపర్లు పేర్చి కట్టిన చాక్‌లు. ఒక్కో దుంగను భుజం మీద మోసుకుంటూ వాలులో దిగాలి. గ్యాలరీ నడుమ దుంగలుంటే యంత్రం కదలదు, గాలి ఆడదు, తట్టా చెమ్మస్‌తో (బుట్ట, పారతో) బొగ్గెత్తేవాళ్లకు అడుగడుగునా అడ్డం. 1990లో పాల్ కమిటీ మన దేశపు బొగ్గు గనుల్లో రూఫ్ బోల్టింగే ప్రధాన సపోర్ట్‌గా ఉండాలని సూచించాక మార్పు వేగం అందుకుంది. ఎస్‌డీఎల్‌లు, అంటే బొగ్గెత్తే యంత్రాలు, తిరగాలంటే గ్యాలరీ ఖాళీగా ఉండాలి కాబట్టి యంత్రాలు కూడా ఆ మార్పును లాక్కొచ్చాయి.

దుంగలు నిలబెట్టే మా పాత టింబర్‌మన్ ఒకాయన, మేమంతా కాకా అనేవాళ్లం, బోల్టును ఒక పట్టాన నమ్మలేదు. "ఇనుము మాట్లాడదు బిడ్డా. కట్టె అయితే ఇరిగే ముందు చెప్తది, ఉరుకుమంటది" అనేవాడు. ఆయనది మొండితనం అనుకున్నవాళ్లున్నారు గానీ, ఆ మాటలో పెద్ద నిజం ఉంది. బరువు పడినప్పుడు దుంగ చిటపటలాడుతుంది, పైనున్న చెక్క ముక్క నలుగుతుంది. ఆ చప్పుడు విని బయటపడి బతికినవాళ్లు నాకు తెలుసు. బోల్టు అలా పిలవదు. జంక్షన్ల దగ్గర బోల్టులన్నీ పూర్తయ్యాక కూడా కాకా ఒక సన్న ప్రాప్ నిలబెట్టేవాడు. ఎందుకు కాకా అంటే, "ఇది మొయ్యనీకి కాదు, నాకు చెప్పనీకి" అన్నాడు. తర్వాత కాలంలో టెల్‌టేల్ అనే చిన్న పరికరం వచ్చింది. కప్పులో లోతుగా ఒక తీగను బిగించి, కింద రంగు పట్టీలున్న గొట్టం వేలాడదీస్తారు. పైన పొరలు విడిపోతే పట్టీలు కదులుతాయి. ఆకుపచ్చ దాటి పసుపు, పసుపు దాటి ఎరుపు వస్తే మనుషుల్ని వెనక్కి తీయాలి. కాకా ప్రాప్ చేసిన పనే అది.

ఇక బోల్టు ఎలా పట్టుకుంటుంది? మోదుగాకు విస్తరి కుట్టడం చూసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. ఒక్కో ఆకు విడిగా అన్నం బరువుకు జారిపోతుంది. ఒకదాని మీద ఒకటి వేసి పుల్లలు గుచ్చితే అదే ఆకు కూర, పప్పు అన్నీ మోస్తుంది. బాయి కప్పులో ఇసుకరాయి, బంకమట్టి, మళ్లీ ఇసుకరాయి ఇలా పొరలుంటాయి. వాటిని అడ్డంగా కుట్టేస్తే పొరలన్నీ కలిసి ఒక మందపాటి దూలంలా గ్యాలరీ మీద నిలుస్తాయి. పైన గట్టి రాయి దొరికితే ఇంకా మంచిది, బోల్టు కొనను అందులో నాటి కింది బలహీనపు పొరను దానికి వేలాడదీస్తాం. గ్యాలరీ అంచుల్లో వేసే బోల్టులను కాస్త ఏటవాలుగా, పిల్లర్ మీదికి పోయేలా వేస్తాం, నడుమవి నిటారుగా.

మన దేశంలో కప్పు ఎంత మంచిదో లెక్కకట్టే పద్ధతి ఒకటుంది, ఆర్‌ఎంఆర్ (రాక్ మాస్ రేటింగ్) అంటారు. నూటికి మార్కులు వేస్తారు. పొరల మందానికి 30, స్లిప్‌లు పగుళ్ల లాంటి నిర్మాణ లోపాలకు 25, గాలికీ నీళ్లకూ రాయి ఎంత నానిపోతుందన్నదానికి 20, రాయి బలానికి 15, నీటి ఊటకు 10. రాయి బలానికి 15 మార్కులే ఎందుకో కొత్త సర్దార్లు తప్పకుండా అడగాలి. సుత్తికి లొంగని రాయైనా పలుచటి పొరలుగా ఉంటే ఊడిపడుతుంది. మెత్తటిదైనా మందంగా, ఒకటే ముక్కగా ఉంటే ఆగుతుంది. బాయిలో ఎన్నో కప్పులు చూశాను, ఈ లెక్క నాకెప్పుడూ తప్పనిపించలేదు.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. బ్లాస్టింగ్ అయ్యాక పొగ పోయేదాకా ఆగి, సర్దార్ ముందు వెళ్లి కప్పును కొట్టి చూస్తాడు. గట్టి రాయి ఖంగున మోగుతుంది, విడిపోయిన పొర డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికినదాన్ని పొడవాటి బార్‌తో, తను మాత్రం సపోర్ట్ ఉన్న కప్పు కిందే నిలబడి, కింద పడేస్తారు. దీన్ని డ్రెస్సింగ్ అంటాం. తర్వాత టెంపరరీ ప్రాప్‌లు పెట్టుకుని డ్రిల్లు ఎత్తుతారు. బోల్టు వేయని కప్పును గ్రీన్ రూఫ్ అంటాం. దాని కిందికి ఒక్క అడుగైనా పోవద్దన్నది బాయిలో అన్నిటికంటే ముందు నేర్పే మాట.

బోల్టులు వేసే సపోర్ట్‌మన్ తల పైకెత్తి డ్రిల్లు వేస్తుంటే నీళ్లు, రాతిపొడి కలిసిన బురద మొహం మీదికి కారుతుంది. 22 మిల్లీమీటర్ల బోల్టుకు సిమెంట్ క్యాప్సూల్ (పొడి సిమెంటు నింపిన గొట్టం లాంటి పొట్లం) వాడితే రంధ్రం 32 మిల్లీమీటర్లు ఉండాలి. రాడ్డు వంగి ఉన్నా, బిట్టు వణికినా అది 38 అయిపోతుంది. ఆరు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే కడ్డీ చుట్టూ ఉండే ఖాళీ ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. అన్నే క్యాప్సూళ్లు వేస్తే రంధ్రం దాదాపు సగం నిండదు. కాబట్టి వంగిన రాడ్డును పక్కన పడేయమని సపోర్ట్‌మన్ అంటే సూపర్‌వైజర్ వినాలి. కొత్త రాడ్డు అడిగినందుకు అతన్ని విసుక్కున్న వాళ్లను చూశాను. అలాంటి చోట కోపం ఆపుకోవడం నాకు కష్టమయ్యేది.

క్యాప్సూల్‌ను బకెట్ నీళ్లలో ముంచితే బుడగలు వస్తాయి. బుడగలు ఆగేదాకా ఉంచి, వెంటనే తీసి రంధ్రంలోకి తోయాలి. ముందే తీస్తే లోపలి పొడి తడవదు. ఎక్కువసేపు ఉంచితే చేతిలోనే గట్టిపడడం మొదలవుతుంది. తొందరలో వరసకు సరిపడా క్యాప్సూళ్లన్నీ ఒకేసారి బకెట్‌లో వేస్తే మొదటి బోల్టు బాగుంటుంది, చివరి బోల్టు దండగ. ఇంకో ముఖ్యమైన సంగతి, క్యాప్సూల్ రంధ్రం కొస దాకా పోవాలి. తర్వాత కడ్డీని తోస్తే క్యాప్సూళ్లు పగిలి సిమెంటు చుట్టూ పాకుతుంది. అప్పుడు ప్లేటు, నట్టు.

ఒక బాయిలో షిఫ్ట్ మారే సమయంలో కప్పు పడింది. మనుషులెవరూ కింద లేరు. పడిన రాతిలో బోల్టులు నిక్కపొడుచుకుని నిలబడి ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ప్లేటు వైపు ఒక అడుగు మేరకే సిమెంటు ఉంది. ఆ పైన కడ్డీ మీద గింజంత కూడా అంటలేదు. క్యాప్సూళ్లు రంధ్రం మొదట్లోనే ఇరుక్కుని అక్కడే పగిలాయన్నమాట. కింద నిలబడి చూసినవాడికి ప్లేటు కప్పును ఆనుకుని ఉంది, నట్టు బిగుతుగా ఉంది, రంధ్రం అంచున సిమెంటు కూడా కనిపించింది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఎవరైనా అవి మంచి బోల్టులనే రాసేవారు. ఆ రోజు నుంచి ప్లేటు చూసి బోల్టు బాగుందనే మాట నేను ఎవరి నోట విన్నా ఊరుకోలేదు.

కాలం లెక్క కూడా చెప్పాలి. 4.2 మీటర్ల వెడల్పు గ్యాలరీలో వరసకు వరసకు 1.2 మీటర్ల దూరం అనుకుందాం. మీటరు మందం రాయి విడిపోతే ఒక్కో వరస మీద పడే బరువు సుమారు 11.6 టన్నులు. వరసకు నాలుగు బోల్టులు. సిమెంటు బోల్టు అరగంటలో 3 టన్నులు, రెండు గంటల్లో 5 టన్నుల పట్టు చూపాలని గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ మార్గదర్శకాలు చెప్తాయి. అంటే అరగంటకు నాలుగూ కలిసి 12 టన్నులు, బరువుకు సరిగ్గా సరిపోయిందంతే. రెండు గంటలకు 20 టన్నులు, అప్పుడే మనకు కాస్త ఊపిరి. ఆ రెండు గంటలు ఖాళీగా కూర్చున్నట్టు కనిపిస్తుంది కాబట్టి ప్రొడక్షన్ టెన్షన్ ఉన్నప్పుడు అందరి కన్నూ దాని మీదే పడుతుంది. ఆ గంటల జోలికి ఎవరొచ్చినా సర్దార్ గట్టిగా నిలబడాలి.

బోల్టును జాక్‌తో కిందికి లాగి గేజ్‌లో టన్నులు చూసే యాంకరేజ్ టెస్ట్ ఉంది. మంచి పద్ధతే, కానీ ఏ బోల్టును లాగాలో ఎవరు ఎంచుకుంటారన్నదే అసలు ప్రశ్న. నిచ్చెన వేయడానికి వీలున్న నడుమ బోల్టును లాగి రిజిస్టర్‌లో రాసేస్తే ఏం లాభం? అంచుల్లో ఏటవాలుగా వేసినవి, నీళ్లు కారేచోటివి, రాత్రి షిఫ్ట్ చివర్లో వేసినవి లాగి చూడాలని నా గట్టి అభిప్రాయం.

జంక్షన్లలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. గ్యాలరీ 4.2 మీటర్లే అయినా రెండు గ్యాలరీలు కలిసేచోట మూల నుంచి మూలకు దాదాపు 6 మీటర్లు. మామూలు బోల్టులతో పాటు అక్కడ పొడవాటి కేబుల్ బోల్టులో, రూఫ్ స్టిచింగో వేస్తారు. స్టిచింగ్ అంటే రెండు వైపులా పిల్లర్ల మీదికి ఏటవాలుగా రంధ్రాలు వేసి, స్టీల్ రోప్‌ను నాటి, కప్పు కింద రెంటినీ కలిపి బిగించడం.

బ్లాస్టింగ్ లేకుండానే బొగ్గు కోసే కంటిన్యూయస్ మైనర్ యంత్రాలు వచ్చిన చోట సిమెంటుకు బదులు రెసిన్ (జిగురు లాంటి రసాయనం) బోల్టులు. రెసిన్ క్యాప్సూల్లో రెసిన్, దాన్ని గట్టిపరిచే మందు వేరువేరు అరల్లో ఉంటాయి. కడ్డీని తిప్పుతూ తోస్తే రెండూ కలిసి సెకన్లలోనే పట్టేస్తుంది. రెండు గంటలు ఆగే పని లేదు. తక్కువ తిప్పితే కలవదు, పట్టు మొదలయ్యాక కూడా తిప్పుతూ ఉంటే పట్టు విరిగిపోతుంది. ఎండకు రెసిన్ త్వరగా పాడవుతుంది. రామగుండం మే నెల ఎండలు తెలిసినవాళ్లు దాన్ని రేకుల షెడ్డులో పెట్టనివ్వకూడదు.

ఇన్ని జాగ్రత్తలూ చెవిన పడితే సరిపోవు. మా దగ్గర ఒక ట్రైనింగ్ సార్ మంచి పని చేసేవారు. రంధ్రం అంత లోపలి వ్యాసం ఉన్న ఇనుప పైపును ఒక వైపు మూసి, తలకిందులుగా స్టాండుకు బిగించి, కొత్త సపోర్ట్‌మన్ చేత అందులో బోల్టు వేయించేవారు. మర్నాడు పైపును నిలువునా కోయించి అందరి ముందూ పరిచేవారు. ఎక్కడ సిమెంటు నిండింది, ఎక్కడ గుల్ల మిగిలింది, ఏ క్యాప్సూల్ పొడిగా ఉండిపోయింది, అన్నీ తన కళ్లతో చూసుకున్నాక ఆ మనిషి బకెట్ దగ్గర నిలబడే తీరే మారిపోయేది. బోల్టు వేసే ప్రతి మనిషికీ, వేయించే ప్రతి సర్దార్‌కూ ఏడాదికొకసారైనా ఈ పరీక్ష పెట్టాలి. దానికి కావలసింది ఒక పైపు ముక్క, కొన్ని క్యాప్సూళ్లు, కోయడానికి ఒక పూట.