వాన నీటి ఫీజూ, మా బస్‌స్టాప్ మూలా

నవంబరులో ఒక వాన పొద్దున, ఆరూ యాభైకి, మా సబ్‌డివిజన్ (ఇళ్ల కాలనీ) మొగలో స్కూలు బస్సు కోసం నిలబడ్డాం. ఇంకా చీకటిగానే ఉంది. రోడ్డు అంచున నీళ్లు దిగాల్సిన తూము మూసుకుపోయింది. పైన్ సూదులూ ఓక్ ఆకులూ తడిసి, చాప అల్లినట్టు జాలీ మీద పరుచుకున్నాయి. వాన నీళ్లు లోపలికి దిగే దారి లేక చీలమండ లోతున రోడ్డు మీదే నిలబడిపోయాయి. బూట్లు తడుస్తాయని పిల్లలు ఆ మడుగు చుట్టూ తిరిగి రోడ్డులోకి దిగారు. సరిగ్గా అప్పుడే ఒక కారు వచ్చింది. నీళ్ల మీద టైర్లు పట్టు తప్పి వెనక భాగం పక్కకి ఈడ్చుకుపోయింది. ఎలాగో ఆపుకున్నాడాయన. మా బాబు రెయిన్‌కోటు టోపీ పట్టుకుని వెనక్కి లాగాను. ఆ టోపీ కుట్టు ఊడిపోయింది, ఇంకా కుట్టలేదు.

ఆ వారంలోనే నీళ్ల బిల్లు వచ్చింది. అందులో ఎప్పుడూ ఉండే లైనే, స్టార్మ్‌వాటర్ ఫీజు, అంటే వాన నీటి ఫీజు. దాన్ని పెంచాలని మా ఊరి కౌన్సిల్ ఆలోచిస్తోందనీ, జనం మాట వినడానికి మీటింగు పెడుతున్నారనీ కాగితం కూడా జతచేశారు. మాది నార్త్ కరోలినాలో, షార్లెట్ పక్కన చిన్న ఊరు. ఇక్కడికొచ్చి పదకొండేళ్లయినా ఆ లైను దేనికో నేను ఎప్పుడూ చదవలేదు. ఈసారి కూర్చుని చదివాను.

ఈ ఫీజుకి ఇంటి విలువతో పనిలేదు. కప్పూ, డ్రైవ్‌వే, సిమెంటు వేసిన పెరడూ, ఇలా నీరు ఇంకని జాగా ఎంతుందో దాన్నిబట్టి వేస్తారు. షార్లెట్‌లో 1993 నుంచీ ఉంది. పన్ను కాదు, ఫీజు. అందుకే పన్ను కట్టక్కర్లేని చర్చికి కూడా దాని పార్కింగు లాటుని బట్టి బిల్లు వెళుతుంది. నాకు ఇది న్యాయంగానే అనిపించింది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే సుమారు 620 గ్యాలన్ల నీళ్లు కిందికి దిగుతాయి. అవి ఎవరింటి ముందు నుంచో, ఏదో ఒక కాలవలోకి పోవాల్సిందే.

మా పిన్నికి ఫోన్లో చెబితే, "వాన నీళ్లకి కూడా డబ్బులు గుంజుతారా అమ్మాయ్?" అంది. మళ్లీ తనే కాసేపాగి, "కాలవ బాగుంటుందంటే కట్టెయ్యవే" అంది. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటుంది పిన్ని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి వీధులు మునిగినప్పుడు మేడ మీద రోజులు లెక్కపెట్టుకున్న మనిషి. ఆవిడ చెప్పాక ఫీజు మీద నాకు గొడవ లేదు.

నా గొడవల్లా ఆ మూల గురించే. టౌన్ ఆఫీసుకి ఫోన్ చేశాను. తూము గురించి అడిగితే, రాసుకున్నాం, వరస ప్రకారం వస్తాం అన్నారు. కార్ల వేగం సంగతేమిటంటే, ఆ రోడ్డు మాది కాదు, రాష్ట్రానిది అన్నారు. అది నిజమే. నార్త్ కరోలినాలో కౌంటీలకి సొంత రోడ్లుండవు, 1931లోనే వాటిని రాష్ట్రం తీసేసుకుంది. మా సబ్‌డివిజన్ లోపలి వీధి టౌనుది, బయటి రోడ్డు రాష్ట్రానిది, వెనక వాన నీటి చెరువు మా హెచ్‌ఓఏది, అంటే ఇళ్ల యజమానుల సంఘానిది. ఈ లెక్కలన్నీ కాగితం మీద సరిగ్గానే ఉన్నాయి. కానీ నీళ్లు నిలిచినందుకే పిల్లలు రోడ్డు మీదికి వెళ్లారు, నీళ్లు నిలిచినందుకే కారు జారింది. ఒక్క మూలలో, ఒక్క నిమిషంలో జరిగిందాన్ని రెండు ఫిర్యాదులుగా విడదీసి, రెండు నంబర్లిచ్చి పంపితే తల్లిగా నేనెలా ఒప్పుకుంటాను?

మీటింగులో మనిషికి మూడు నిమిషాలు. నాకన్నా ముందు ఒక పెద్దావిడ లేచి, పింఛను డబ్బులతో బతికేదాన్ని, నెలకి రెండు డాలర్లు పెరిగినా నాకు లెక్కేనంది. ఆవిడ గొంతు వణికింది. నేను ఫోన్లో తీసిన ఫొటో చూపించాను. "ఫీజు పెంచండి, కడతాను. కానీ ఆ డబ్బుతో ముందు పిల్లలు నిలబడే చోట్ల తూములు శుభ్రం చెయ్యండి. బస్‌స్టాపుల జాబితా తీసుకుని, దాని ప్రకారం వరస మార్చండి" అన్నాను. ఇంకా నలభై సెకన్లు మిగిలాయి. ఏం చెప్పాలో తోచక కూర్చున్నాను.

వారం తిరక్కుండా టౌన్ ఇంజనీరు ఒకావిడ వచ్చి, పొద్దున్నే నాతోపాటు ఆ మూలలో నిలబడింది. ఆ మర్యాద నేను మర్చిపోను. తర్వాత వాక్యూమ్ ట్రక్కు వచ్చింది. బక్కెట్ల కొద్దీ కుళ్లిన ఆకులు, టెన్నిస్ బంతి, నలిగిన నీళ్ల సీసా బయటికి తీశారు. ఆకుల్లో సగం మా వీధివే. పచ్చిక కోసేవాళ్లు బ్లోయర్‌తో ఊది రోడ్డు అంచుకి నెట్టేస్తారు, డబ్బులిచ్చేది మనమే కాబట్టి వద్దని చెప్పాల్సిందీ మనమే. నేను మావాళ్లకి చెప్పాను, పక్కింటి అక్క కూడా చెప్పింది.

బస్‌స్టాపుని యాభై గజాలు లోపలికి, మా వీధిలోకి జరపమని స్కూలు వాళ్లకి పన్నెండు కుటుంబాలం సంతకాలు పెట్టి ఇచ్చాం. జవాబు రావాలి. వేగం సంగతి జనవరి మీటింగు ఎజెండాలో పెట్టారు. నేను మళ్లీ వెళతాను. ఈలోగా వాన పడే ముందు రోజు సాయంత్రం మా ఆయనో నేనో పార పట్టుకెళ్లి ఆ జాలీ మీద ఆకులు తీసేస్తున్నాం. నిన్న రాత్రి పెద్ద వానే పడింది. పొద్దున ఆరూ యాభైకి వెళ్లి చూస్తే నీళ్లు గలగలా లోపలికి దిగుతున్నాయి. పిల్లలంతా గట్టు మీదే నిలబడ్డారు.