ముందు పొటాషియం, తర్వాతే సోడా మాత్ర

మూత్రపిండాల్లోని సన్నని నాళికల లోపంతో రక్తంలో ఆమ్లం పెరిగే జబ్బు, రీనల్ ట్యూబ్యులర్ అసిడోసిస్‌లో బైకార్బొనేట్ (ఆమ్లాన్ని అణిచే క్షారం) 14కి పడిపోయిందని రిపోర్టు రాగానే సోడా బైకార్బ్ (సోడియం బైకార్బొనేట్) మాత్రలు మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆగండి, ముందు పొటాషియం చూడండి. అది 2.5 ఉన్నప్పుడు క్షారం ఎక్కిస్తే, రక్తంలో ఉన్న ఆ కాస్త పొటాషియమూ కణాల్లోకి వెళ్లిపోతుంది. కాళ్లూ చేతులూ చచ్చుబడతాయి, ఊపిరి తీసే కండరాలు కూడా. ముందు ఆ లోటు పూడ్చాలి.

డిస్టల్ రకంలో (నాళిక చివరి భాగంలో లోపం) పెద్దవాళ్లకు రోజుకు కిలోకి 1–2 మిల్లీ ఈక్వివలెంట్ల (మోతాదు కొలిచే ప్రమాణం) క్షారం చాలు. 500 మి.గ్రా. మాత్రలో ఉండేది సుమారు 6. అంటే 60 కిలోల మనిషికి కనీసం 10 మాత్రలు, విడతలుగా! పొటాషియం సిట్రేట్ (ఇదీ క్షారం ఇచ్చే మందే) అయితే మూత్రపిండాల్లో రాళ్లకూ అడ్డుకట్ట. ప్రాక్సిమల్ రకంలో (నాళిక మొదటి భాగంలో లోపం) ఇచ్చిందంతా మూత్రంలో పోతుంటుంది, కిలోకి 10–15 దాకా కావాలి. నాలుగో రకంలో (ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ తక్కువైనా, పనిచేయకపోయినా వచ్చేది) మాత్రం పొటాషియం అప్పటికే ఎక్కువ, సిట్రేట్ ఇచ్చినా పొటాషియంది ఇవ్వకూడదు.