నడుమ ఉన్న ‘చ’

శివరాత్రికి పూజలో పెట్టుకుందామని ఈసారి అర్ధనారీశ్వరుడి బొమ్మ నేనే వేయబోయాను. నుదుటి నుంచి పాదాల దాకా స్కేలు పెట్టి నిలువుగా గీత గీశాను. అమ్మ వచ్చి చూసి, "అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు నడిమిట్ల గెట్టు పెట్టినవేందిరా?" అన్నది.

ఆ మాటతో మళ్లీ అర్ధనారీశ్వర స్తోత్రం తీశాను.

చాంపేయగౌరార్ధశరీరకాయై
కర్పూరగౌరార్ధశరీరకాయ
ధమ్మిల్లకాయై చ జటాధరాయ
నమః శివాయై చ నమః శివాయ

ఆమె సగం సంపెంగ పసుపు, ఆయన సగం కర్పూరం. ఆమెకు కొప్పు, ఆయనకు జటలు. చిన్నప్పటి నుంచి చదువుతున్నదే గానీ, అందులో రంగులున్నాయని కుంచె పడితేనే తెలిసింది. వాటర్ కలర్‌లో నేను తెలుపు వేయను, కాగితాన్నే వదిలేస్తాను. అంటే శివుడి సగంలో నా చేయి పడనే లేదు. కానీ పక్కన పసుపు పడేదాకా అది ఉత్త కాగితం. శక్తి తోడు లేకపోతే ఆయన కదలనైనా లేడని సౌందర్యలహరి మొదటి శ్లోకం చెప్పేది నాకు ఇట్లా కళ్లబడింది.

ఆమె మెత్తన, ఆయన కఠినం అనుకుందామా? క్యాలెండర్ బొమ్మలు చూస్తే అట్లాగే అనిపిస్తుంది. మరి మన అలంపురం? తుంగభద్ర ఒడ్డున జోగులాంబ, అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదోది. ఉగ్రరూపం, జటల్లో బల్లి, తేలు, కపాలం. దగ్గర్లోనే చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాల్లో కొలువున్న స్వామి పేరేమో బాలబ్రహ్మేశ్వరుడు! స్తోత్రం ఆయనకిచ్చిన జటలు ఇక్కడ అమ్మవారి తల మీదున్నాయి.

మా నాన్న లారీ నడిపేవాడు, గొంతెత్తితే వాడంతా వినపడేది. అమ్మ దవాఖానలో ఉన్న పది రోజులూ చెల్లెకు జడ ఆయనే వేశాడు. మొదటి రోజుది బడికి పోయేలోపే ఊడింది. నాలుగో రోజుకు రిబ్బన్ ముడి కూడా కుదిరింది. అప్పులవాళ్లు దవాఖానకే వస్తే, మంచం మీది నుంచే గట్టిగా మాట్లాడి పంపింది మాత్రం అమ్మ.

మళ్లీ చివరి పాదం చూడండి. శివాయై, శివాయ. తేడా అంతా ఒక్క గుణింతంలో ఉంది. నడుమ ‘చ’. కూడా అని దానర్థం. నేను గెట్టు పెట్టిన చోట స్తోత్రం పెట్టింది అది.

కొత్త కాగితం తడిపాను. ఆమె వైపు (స్వామికి ఎడమ, చూసే మనకు కుడి, నేనే ఒకసారి తారుమారు చేశాను) పసుపు వేసి వదిలేశాను. తడి ఉన్నంత మేర పాకి, ముక్కు మీద ఎక్కడో ఆగింది. నుదురే కష్టమైంది. ‘సమేక్షణాయై విషమేక్షణాయ’, ఆమెవి సరి కళ్లు, ఆయనవి బేసి. మూడో కన్ను సగమే వేయాలా? ఆమె బొట్టూ ఆయన కన్నూ పడేది ఒక్క చోటే. అరగంట కూర్చున్నాను, కుంచె కదల్లేదు.

అమ్మ తడి ఆరనీయలేదు. కుంకుమ వేలికద్దుకొని వచ్చి అక్కడే పెట్టింది. అది కొంచెం ఆయన వైపుకు పాకింది.