చుక్క నూనె కారకుండానే లీక్

మా బావ తన పాత కాంటెస్సా కారుకి హైడ్రాలిక్ సస్పెన్షన్ (ఆయిల్ ప్రెషర్‌తో కారుని పైకి లేపి దించే ఏర్పాటు) పెట్టించాడు. షోల కోసమే లెండి, రోడ్డెక్కిస్తే బండిలో మార్పుల మీద ఆంక్షలు పెట్టే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గుర్తుచేస్తారు. రాత్రి పైకి లేపి వదిలితే తెల్లారేసరికి ముందు ఎడమవైపు కూలబడి ఉంటోంది. నేల మీద మాత్రం చుక్క నూనె లేదు!

బయటికి రాలేదంటే లీక్ లోపలే అన్నాడు మెకానిక్ అన్న. మదనపల్లె మనిషి, బెంగళూరులో ఎప్పుడో స్థిరపడ్డాడు. సిలిండర్‌లోని ఆయిల్, కారుని దించేటప్పుడు తెరుచుకునే డంప్ వాల్వ్ గుండా మెల్లగా ట్యాంకులోకి జారుతోందని అనుమానం. ప్రెషర్ పూర్తిగా దించి, ఎడమ కుడి వాల్వులు అటూ ఇటూ మార్చాడు. మర్నాడు కుడివైపు కూర్చుంది, అంటే తప్పు వాల్వుదే. నాకు భలే నచ్చింది ఈ పద్ధతి. విప్పి చూస్తే వాల్వ్ సీటు మీద, అంటే అది మూసుకునే చోట, టెఫ్లాన్ టేపు పీలిక అడ్డుపడి ఉంది. ఫ్లేర్ ఫిట్టింగ్ అనే ఈ గొట్టాల జాయింటులో లోహం లోహానికి ఒత్తుకునే సీల్ అవుతుంది, టేపుతో పనే లేదు. ముందు బిగించినవాళ్లు అన్నిటికీ చుట్టేశారు.

అన్న ఒక్క విషయంలో మాత్రం కసిరాడు. ప్రెషర్‌లో ఉన్న గొట్టాన్ని చేత్తో తడిమి లీక్ వెతకొద్దట. సూదిబెజ్జంలోంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

వెనక సిలిండర్ దగ్గర కాస్త చెమ్మ ఉంది, ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు రింగు) పని. నైట్రైల్ రబ్బరుదే కావాలి, ఈపీడీఎం అనే ఇంకో రకం రబ్బరు మినరల్ ఆయిల్‌లో ఉబ్బిపోతుంది. శనివారం బెంగళూరు జేసీ రోడ్డులోని స్పేర్‌పార్టుల షాపుల్లో ఆ సైజు వెతకాలి. బావ బిర్యానీ ఇప్పిస్తానన్నాడు, చూద్దాం.