తిమి, తిమింగలం: విశాఖ రేవులో ఒక రోజు

జనవరిలో ఒక తెల్లవారుజామున గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి, స్టేషన్ నుంచి నేరుగా విశాఖ చేపల రేవుకు వెళ్ళాను. వరంగల్లులో పిల్లలకు తెలుగు చెప్పే నేను తిమింగలం అన్న మాటను నల్లబల్ల మీద ఎన్నోసార్లు వ్రాశాను గాని, దానికి ఇల్లయిన సముద్రాన్ని అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

రేవులో వేలం అప్పటికే జోరుగా సాగుతోంది. ఒకామె వంజరం మొప్పను బొటనవేలితో పైకెత్తి, లోపలి ఎరుపు కొనేవారికి చూపిస్తూ ధర చెబుతోంది. ఆ పక్కనే తడి నేల మీద పడి ఉన్న పెద్ద సొరను చూసి, బెంగాలీ యాత్రికుల పిల్లవాడొకడు "తిమి! తిమి!" అని కేక పెట్టాడు. వాళ్ళ నాన్న "హాంగొర్" అని సరిదిద్దాడు. హాంగొర్ అంటే సొర, తిమి అంటే తిమింగలం అని ఆయనే నాకు హిందీలో వివరించారు. మన పొరుగున ఉన్న ఒడియాలోనూ తిమి అనే అంటారు.

ఆ మాట నన్ను రోజంతా వదలలేదు. తిమిని మింగేది తిమింగిలం అని సంస్కృత వ్యుత్పత్తి. దాన్ని కూడా మింగే తిమింగిలగిలం ఒకటుందని పూర్వులు ఊహించారు. అంటే మన మాటలో ఆహారమైపోయిన ప్రాణే బెంగాలీలో సముద్రానికి పెద్దగా నిలిచింది. బెంగాలీవారు మాటను సగానికి తెంచుకున్నారని మొదట అనుకున్నాను. అయితే ఆర్కే బీచిలో కూర్చొని డాల్ఫిన్ నోస్ కొండ వైపు చూస్తుండగా రఘువంశం 13వ సర్గ గుర్తుకు వచ్చింది. అందులో రాముడు పుష్పకం మీద నుంచి సీతకు సముద్రాన్ని చూపుతూ, తిములు నోళ్ళు తెరచి నదీముఖపు నీటిని ప్రాణులతో సహా పట్టి, నోళ్ళు మూసుకొని, రంధ్రాలున్న తలల నుంచి నీటిధారలను పైకి చిమ్ముతున్నాయని చెబుతాడు. కాళిదాసు వర్ణించినది నిస్సందేహంగా తిమింగలాన్నే. పైకి లేచేది నీరు కాదు, ఊపిరి ఆవిరి అన్న ఒక్క సంగతి తప్ప, మిగిలినదంతా కళ్ళారా చూసినవారి మాటలాగే ఉంది. బెంగాలీ పిల్లవాడి మాటకు అంత పాత సాక్ష్యం ఉన్నందుకు నాకు ఎంతో సంతోషం కలిగింది.

తక్కిన భాషల్లో కొన్ని దాన్ని చేపగానే చూశాయి. జర్మన్‌లో వాల్‌ఫిష్ అంటారు. చైనా లిపిలో దాని అక్షరానికి ఎడమ వైపున చేప గుర్తు ఉంటుంది. జీవులను వర్గీకరించిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో దాన్ని పాలిచ్చే జంతువుల్లో చేర్చినా ఆ గుర్తు చెరగలేదు. వేల్స్ దేశపు మోర్విల్ మాత్రం సముద్రపు జంతువు అనే అర్థమిస్తుంది. గ్రీకు కేటోస్ రష్యన్‌లో కిత్ అయింది. అన్నిటికంటే నాకు నచ్చినవి వియత్నాం పేర్లు: కా వొయ్ అంటే ఏనుగు చేప, అక్కడి జాలర్లు గౌరవంగా పిలిచే కా ఓంగ్ అంటే తాతగారి వంటి చేప.

సాయంత్రం పెదజాలారిపేటలో వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధుడి పక్కన కూర్చొని తిమింగలం సంగతి ఎత్తాను. ఆయన సూది ఆపకుండానే, "అది సేప కాదు బాబూ. ఊపిరి కోసం పైకొస్తాది" అన్నారు. పొద్దున్న రేవులో చూసిన ఎర్రని మొప్ప నా కళ్ళ ముందు మెదిలింది. తరువాత, "వేరే దేశాలోళ్ళు దాన్నేటంటారు?" అని అడిగారు. నేను తిమి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క పేరే చెబుతూ వచ్చాను. వియత్నాం తీరంలో తిమింగలం చనిపోయి ఒడ్డుకు వస్తే, మొదట చూసినవాడు పెద్దకొడుకు స్థానంలో దుఃఖదీక్ష పాటిస్తాడని, ఎముకలను గుడిలో దాచి పూజిస్తారని చెప్పినప్పుడు, ఆయన సూదిని వల మీద పెట్టి నా వైపు తిరిగారు.

"కన్నతండ్రికి సేసినట్టేనా బాబూ?" అని అడిగి, కా ఓంగ్ అన్న పేరును మళ్ళీ నా చేత చెప్పించుకున్నారు.